ఫెర్రెట్ స్కౌట్ కారుపై పొగ గ్రెనేడు గొట్టాలు: అసలు రూపానికి తీసుకురావడం ఎలా?

రాడ్‌ఫర్డ్_ఫెర్రెట్ (కవెంట్రీ పరిసరాలు, ఇంగ్లండ్)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గరున్న డైమ్లర్ ఫెర్రెట్ మార్క్ 2/3 (బ్రిటిష్ సైన్యం వాడిన చిన్న కవచ స్కౌట్ కారు) గురించి ఈ వేదికలో ఇదివరకు రాశాను. రోల్స్‌రాయిస్ బీ60 ఇంజను, ఫ్లూయిడ్ ఫ్లైవీల్, ప్రీసెలెక్టర్ గేరుబాక్సు పనులన్నీ పూర్తయ్యాయి. బండి సొంతంగా నడుస్తోంది. ఇక ముందు మడ్‌గార్డుల దగ్గర చెరో వైపు ఉండవలసిన, బండిని శత్రువు కంటి నుంచి దాచేందుకు పొగ గ్రెనేడులు విసిరే గొట్టాల సంగతి తేల్చుకోవాలి. ఎడమ వైపు బ్రాకెట్టూ, దానికి అతుక్కుని తుప్పుపట్టిన ఒకే ఒక గొట్టమూ మిగిలాయి. కుడి వైపు ఏమీ లేదు. ఎవరో రంధ్రాలను వెల్డింగుతో పూడ్చి, పైన రంగు వేసేశారు.

విడిభాగాలు అమ్మే ఒక వ్యాపారి నాలుగేసి గొట్టాలున్న రెండు గుత్తులు చూపించి, బ్రిటిష్ సైన్యానివే కాబట్టి ఏవైనా ఒకటేనని చెబుతున్నారు. చూడటానికి బాగానే ఉన్నాయి, ధరా అందుబాటులోనే ఉంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. ఈ బండి సైన్యంలో ఉన్న రోజుల్లో దానిమీద నిజంగా ఏముండేదో అదే తిరిగి పెట్టాలని నా కోరిక. ఏవి సరైనవి, మిగిలిన గొట్టాన్ని ఎలా కాపాడుకోవాలి, లోపలి తీగల సంగతి ఏమిటి, చట్టం ఏమంటుంది అన్న నాలుగు విషయాల్లో పెద్దల సలహా కోరుతున్నాను.

పాత_పత్రాలు (రీడింగ్, ఇంగ్లండ్)

మీ మనసు సరిగ్గానే చెప్పింది. ఆ నాలుగు గొట్టాల గుత్తులు ఫెర్రెట్‌వి కావు. ఫెర్రెట్‌కు పొట్టు (బండి కవచపు ఒళ్లు) ముందు భాగంలో చెరో వైపు మూడు, మొత్తం ఆరు గొట్టాలు ఉండేవి. సైనికులను మోసే ఆల్విస్ సారాసెన్ కవచ వాహనానికి కూడా ముందు భాగంలో మూడేసి ఉండేవి. సలాదిన్ కవచ కారుకు, సెంచూరియన్ ట్యాంకుకు, ఆ తర్వాత వచ్చిన చీఫ్టెన్ ట్యాంకుకు తుపాకీ గోపురానికి అటూ ఇటూ ఆరేసి అమర్చారు. నాలుగేసి గొట్టాల గుత్తి అనగానే నాకు గుర్తొచ్చేవి 1970ల నాటి ఫాక్స్, స్కార్పియన్, సిమిటార్ వాహనాలు. వాటి గొట్టాలు 66 మిల్లీమీటర్ల గ్రెనేడు కోసం తయారైనవి.

ఎన్ని గొట్టాలన్నది అంకెల తేడా మాత్రమే కాదు. 1952 నుంచి 1971 వరకు డైమ్లర్ సంస్థ 4,409 ఫెర్రెట్లు తయారుచేసింది. ఆ తొలి తరం వాహనాల గొట్టాల్లో వాడింది రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి 80వ నంబరు గ్రెనేడు, అంటే తెల్ల ఫాస్ఫరస్ నింపిన రేకు డబ్బా. ఎర్ర ఫాస్ఫరస్‌తో పనిచేసే రబ్బరు ఒంటి ఎల్8 గ్రెనేడు తర్వాతి కాలానిది. కాబట్టి 1950ల నాటి గుర్తులు వేసిన బండికి 1970ల గుత్తి తగిలిస్తే, ఆ రెండు కాలాలూ ఒకే బండిమీద పోట్లాడుకుంటాయి. తెలిసినవారి కళ్లకు అది దూరం నుంచే కనబడుతుంది.

ముందుగా మీ బండి సైనిక రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకోండి. 1949 తర్వాత వచ్చిన పద్ధతిలో రెండు అంకెలు, రెండు అక్షరాలు, మళ్లీ రెండు అంకెలు ఉంటాయి. పై రంగులు తీస్తున్నప్పుడు ముందు పలక మీద అది లీలగా బయటపడవచ్చు. నంబరు దొరికితే డోర్సెట్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం అభిలేఖాగారానికి ఉత్తరం రాయండి. కవచ వాహనాల చేతిపుస్తకాలు, రికార్డు కార్డులు వారి దగ్గర ఉన్నాయి. బండి ఏ రెజిమెంటుకు, ఎప్పుడు వెళ్లిందో తెలిస్తే ఆ రెజిమెంటు ఫొటోలు వెతకవచ్చు. ఒక మంచి ఫొటో పది మంది అభిప్రాయాలకు సమానం.

విశ్రాంత_ఈఎంఈ (సికింద్రాబాద్)

రాడ్‌ఫర్డ్ గారూ, రంగూ తుప్పూ తర్వాత. ముందు ఒక్క మాట వినండి. ఆ మిగిలిన గొట్టం లోపల ఏముందో మీరు టార్చిలైటు వేసి చూశారా? చూసేటప్పుడు ముఖం గొట్టం మూతికి ఎదురుగా కాక పక్కనే ఉంచండి. అడుగున ఏదైనా ఇరుక్కుని ఉన్నట్టు అనుమానం వస్తే కర్రతో పొడవవద్దు, తలకిందులు చేసి తట్టవద్దు, నీళ్లు పోయవద్దు, బండిని కదిలించవద్దు. అందరినీ దూరంగా పంపి పోలీసులకు ఫోను చేయండి. పేలుడు పదార్థాల నిపుణులను వారే పిలిపిస్తారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తెల్ల ఫాస్ఫరస్ గాలి తగిలితే సుమారు 30 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకుంటుంది. ఇంగ్లండ్ వేసవికి కూడా ఆ వేడి చాలు. దశాబ్దాల పాటు తడిలో నానిన రేకు డబ్బాకు తుప్పు ఎక్కడ చిల్లు పెట్టిందో పైకి తెలియదు. చర్మం మీద పడిన ఆ పదార్థం నీళ్లతో ఆరినట్టే ఆరి, తడి ఆరగానే మళ్లీ రాజుకుంటుంది. నేను ఈఎంఈలో, అంటే సైనిక వాహనాల మరమ్మతులు చూసే దళంలో, ఉండగా భారత సైన్యపు విజయంత ట్యాంకుల మీద పనిచేశాను. విజయంతకు మూలం బ్రిటిష్ సంస్థ విక్కర్స్ రూపకల్పనే కాబట్టి దానికీ గోపురం పక్కన ఆరేసి గొట్టాలుండేవి. వర్క్‌షాపులోకి ట్యాంకు రాగానే, ఏ పని మీద వచ్చినా సరే, ముందు ఆ పన్నెండు గొట్టాలు ఖాళీగా ఉన్నాయో లేదో చూసి, సంతకం అయ్యాకే మిగతావాళ్లను ముట్టుకోనిచ్చేవాళ్లం. ఆ నియమం మీ షెడ్డులో కూడా ఉండాలని నా విన్నపం.

రాడ్‌ఫర్డ్_ఫెర్రెట్

ధన్యవాదాలు సార్. మీరు చెప్పినట్టే పక్క నుంచి అద్దం పెట్టి వెలుతురు వేసి చూశాను. గొట్టం ఖాళీయే. అడుగున ఎండిన మట్టి, కుళ్లిన ఆకులు, వాటి మధ్యలో పచ్చగా చిలుమెక్కిన, గ్రెనేడుకు విద్యుత్తు అందించే ఇత్తడి స్పర్శ బిందువు కనబడుతున్నాయి. గొట్టం పై మూడు వంతులు గట్టిగానే ఉంది. అడుగున మాత్రం ఒక పక్క తుప్పు లోతుగా తినేసింది.

ఆకురాయి (బాలానగర్, హైదరాబాద్)

లేత్ పని చేసేవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

అడుగున తినేయడానికి కారణం స్పష్టమే. గొట్టాలు ఆకాశం వైపు వాలి ఉంటాయి. రబ్బరు మూత పోయిన రోజు నుంచి ప్రతి వానా లోపలికే దిగుతుంది. ఆకులు చేరి నీళ్లు బయటికి పోయే దారి మూసేస్తే ఆ తడి ఇక ఆరదు. కాబట్టి పని అడుగు నుంచి మొదలుపెట్టండి.

ముందు అయస్కాంతం పెట్టి ఏది ఇనుమో, ఏది అల్యూమినియం మిశ్రమమో తేల్చుకోండి. ఇనుప భాగాలైతే చాకలిసోడా నీళ్లలో ముంచి, తక్కువ వోల్టేజి విద్యుత్తుతో తుప్పు వదిలించడం ఉత్తమమైన పద్ధతి. మంచి లోహాన్ని అది తినదు, మీద పడిన పాత ముద్రలూ చెరగవు. అయితే రెండో ధ్రువంగా మామూలు ఇనుప ముక్కే వాడాలి. స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే ఆ నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం లవణాలు దిగుతాయి. పని జరుగుతున్నంత సేపూ హైడ్రోజన్ వస్తుంది కాబట్టి తలుపులు తెరిచి ఉంచండి. అల్యూమినియం భాగాన్ని మాత్రం ఆ తొట్టిలో వేయకండి, చాకలిసోడా దాన్ని కొరికేస్తుంది. పాత నట్లు, బోల్టులు పసుపు జాడతో మెరుస్తుంటే అది కాడ్మియం పూత కావచ్చు. దాన్ని వైర్ బ్రష్షుతో రుద్దడం, వేడి చేయడం రెండూ ఊపిరితిత్తులకు ప్రమాదం.

ఇక మర చుట్ల విషయం. ఎక్కువమంది బ్రాకెట్లు పాడుచేసేది ఇక్కడే. బ్రిటన్, అమెరికా, కెనడా 1948లో ఏకీకృత మర చుట్లకు ఒప్పుకున్నాయి. ఆ తర్వాత రూపొందిన ఫెర్రెట్ వంటి వాహనాల్లో ఎక్కువగా యూఎన్ఎఫ్ (ఆ ఏకీకృత పద్ధతిలోని సన్న చుట్ల రకం) కనబడుతుంది. అయినా పాత బండి అంటే నలుగురి చేతులు పడ్డది కాబట్టి ఎవరో బీఎస్ఎఫ్ (పాత బ్రిటిష్ సన్న చుట్ల రకం) బోల్టు బలవంతంగా దూర్చి ఉండవచ్చు. పావు అంగుళం బోల్టుకు బీఎస్ఎఫ్‌లో అంగుళానికి 26 చుట్లు, యూఎన్ఎఫ్‌లో 28. మొదటి రెండు చుట్లు చేతితో హాయిగా తిరుగుతాయి, ఆ తర్వాత బిగుసుకుంటాయి. బిగుసుకుంది కదా అని స్పానరు వేస్తే లోపలి చుట్లు చెడిపోయినట్టే. 3/8 అంగుళం దగ్గర తేడా ఇంకా ఎక్కువ, బీఎస్ఎఫ్‌లో 20, యూఎన్ఎఫ్‌లో 24. చుట్ల కోణాలు కూడా వేరు, బీఎస్ఎఫ్‌ది 55 డిగ్రీలు, యూఎన్ఎఫ్‌ది 60 డిగ్రీలు. విద్యుత్ భాగాల్లోని చిన్న మరలు బీఏ అనే పాత బ్రిటిష్ రకానివి కావచ్చు. 2 బీఏ అయితే వ్యాసం 4.7 మిల్లీమీటర్లు, చుట్టుకూ చుట్టుకూ మధ్య 0.81 మిల్లీమీటర్లు. దానికి 5 మిల్లీమీటర్ల మెట్రిక్ మర సరిపోయినట్టు అనిపిస్తుంది కానీ పట్టదు. చుట్లు కొలిచే గేజీ కొనకుండా ఒక్క నట్టు కూడా విప్పకండి.

తీగలు_స్విచ్చులు (లెస్టర్, ఇంగ్లండ్)

విద్యుత్ సంగతి నేను అందుకుంటాను. ఫెర్రెట్‌ది 24 వోల్టుల వ్యవస్థ. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. గ్రెనేడు పేల్చే మీటలు లోపల, సిబ్బందికి అందేచోట ఉంటాయి. అక్కడి నుంచి తీగ పొట్టు గుండా బయటికి వచ్చి, ప్రతి గొట్టం అడుగున ఉన్న స్పర్శ బిందువును చేరుతుంది. తిరుగు దారి బండి ఒళ్లే.

తీగ బయటికి వచ్చే రంధ్రం దగ్గర రబ్బరు వలయం ఎండి పగిలి ఉంటుంది. దాన్ని తప్పక మార్చండి. అక్కడ తీగ ఒరుసుకుని ఎర్తు అయితే నిప్పు పుట్టేది పెట్రోలు బండి లోపల. పాత తీగను లాగి పారేయకుండా ముందు దాని రంగు, మందం, క్లిప్పులు ఎక్కడెక్కడున్నాయో ఫొటోలు తీసుకోండి. పైన నూలు అల్లిక ఉన్న కొత్త తీగ ఇంగ్లండ్‌లో ఇప్పటికీ దొరుకుతుంది. లోపల ఆధునిక ఇన్సులేషన్, బయట ఆనాటి రూపం.

విద్యుత్ వలయం పనిచేస్తోందని చూపించడానికి నేను ఇతర బండ్లపై వాడే పద్ధతి ఇది. గొట్టంలో సరిపోయే చెక్క బిళ్లను లేత్ మీద తిప్పించి, దాని మధ్యలో లారీలకు వాడే 24 వోల్టుల బల్బు అమర్చి, అడుగు స్పర్శ బిందువుకు కలుపుతాను. లోపల మీట నొక్కితే బయట గొట్టం మూతిలో పసుపుపచ్చని వెలుగు వస్తుంది. ఇందులో ఒక మెలకువ ఉంది. 5 వాట్ల బల్బు పెడితే చిలుము పట్టిన స్పర్శ దగ్గర కూడా వెలుగుతుంది, ఎందుకంటే అది లాగే కరెంటు 0.2 ఆంపియర్లు మాత్రమే. 21 వాట్ల బల్బు దాదాపు 0.9 ఆంపియర్లు లాగుతుంది. స్పర్శ సరిగా లేకపోతే అప్పుడు వెలుగు మసకబారి, లోపం ఎక్కడుందో తానే చెబుతుంది. పరీక్ష పూర్తయ్యాక బల్బులు తీసి, మీటల పెట్టెకు వచ్చే విద్యుత్తును బ్యాటరీ దగ్గరే విడదీసి, కొసకు టోపీ తొడగండి. ప్రదర్శనలో పిల్లలు ఏ మీట నొక్కినా ఏమీ జరగకూడదు.

పొగమంచు (కొత్త సభ్యుడు)

అందరికీ నమస్కారం. ఒక సందేహం. వేడుకల్లో వాడే రంగు పొగ గొట్టాలు బజారులో అమ్ముతున్నారు కదా. వాటిని ఈ గొట్టాల్లో పెట్టి, ఆ మీటలతోనే అంటించే ఏర్పాటు చేస్తే ప్రదర్శనల్లో జనం సంతోషిస్తారు. అసలు ఉద్దేశం పొగ రావడమే కాబట్టి అదే నిజమైన పునరుద్ధరణ అవుతుందేమో?

విశ్రాంత_ఈఎంఈ

వద్దు బాబూ. మీ ఉత్సాహం అర్థమైంది, కానీ ఈ ఆలోచనను ఇక్కడే ఆపండి. చేతితో పట్టుకుని లేదా నేల మీద పెట్టి కాల్చడానికి చేసిన వస్తువును ఒక పక్క మూసిన ఇనుప గొట్టంలో బిగించి అంటిస్తే, వేడి, వాయువు పోవడానికి చోటు చాలదు. అది ఎగరవచ్చు, గొట్టమే చిట్లవచ్చు. ఫెర్రెట్ గొట్టాలు సరిగ్గా మనిషి ముఖం ఎత్తులో, జనం నిలబడి ఫొటోలు తీసుకునే వైపుకు తిరిగి ఉంటాయి. సైన్యంలో వీటిని మీట నొక్కే ముందు తలుపులు మూసుకునేవారు, చుట్టూ పదాతి దళం లేదని నిర్ధారించుకునేవారు. ప్రదర్శన మైదానంలో ఆ రెండూ కుదరవు. పొగ చూపించి తీరాలంటే, నిర్వాహకుల అనుమతితో, నాటకాల్లో వాడే పొగ యంత్రాన్ని బండి వెనక నేల మీద పెట్టుకోండి.

నిర్వాహకుడు

ఈ చర్చా వరుసలో పొగ పదార్థాల తయారీ, నింపడం, పేల్చే ఏర్పాట్ల గురించి చర్చ ఉండదని సభ్యులందరికీ మనవి. పొగమంచు గారు మంచి ఉద్దేశంతోనే అడిగారు, జవాబు కూడా దొరికింది. ఖాళీ గొట్టాల పునరుద్ధరణకే పరిమితమవుదాం.

బుల్లిట్యాంకులు (విజయవాడ)

నేను నమూనా బొమ్మలు చేస్తాను. అసలు బండి కొనే స్తోమత లేదు, కానీ వివరాలంటే ప్రాణం. రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి డైమ్లర్ కవచ కారు చేస్తున్నాను. దాని గోపురం పక్కన కనబడే పొగ పరికరాలు ఫెర్రెట్ గొట్టాల్లా లేవు. పొట్టిగా, లావుగా, వెనక ఏదో తుపాకీ భాగం ఉన్నట్టు కనబడుతున్నాయి. ఎవరైనా వివరించగలరా?

పాత_పత్రాలు

మీ కళ్లు చురుకైనవి. అది తుపాకీ భాగమే. యుద్ధ కాలంలో బ్రిటిష్ వాహనాలకు వాడిన 4 అంగుళాల పొగ పరికరానికి వెనక భాగం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ది. కర్రా, పొడవాటి గొట్టమూ తీసేసి, బోల్టు ఉండే భాగాన్ని మాత్రం ఉంచి, ముందు 4 అంగుళాల కప్పు బిగించారు. గుండు లేని తూటా పేలితే ఆ వాయువు కప్పులోని పొగ డబ్బాను విసిరేది. గోపురం లోపల మీట లాగితే బౌడెన్ కేబుల్ బయట ట్రిగ్గరును లాగేది, సైకిలు బ్రేకు తీగ పనిచేసినట్టే. విద్యుత్తు ప్రసక్తే లేదు. నమూనాలో ఆ కేబుల్ గోపురంలోకి దూరే చోటు చూపించడం మరవకండి, చాలామంది దాన్ని వదిలేస్తారు.

ఈ సందర్భంగా చట్టం మాట కూడా చెప్పాలి. అసలైన 4 అంగుళాల పరికరంలో ఉన్నది నిజమైన రైఫిల్ యంత్రాంగం. బ్రిటన్‌లో అది 1968 నాటి ఫైరార్మ్స్ చట్టం పరిధిలోకి వస్తుంది. లైసెన్సు లేకుండా అలంకారంగా ఉంచుకోవాలంటే శాశ్వతంగా నిర్వీర్యం చేయించి, లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ (తుపాకులను పరీక్షించే సంస్థ) ముద్ర, ధ్రువపత్రం కలిగి ఉండాలి. ఆ ముద్రల పద్ధతి 1988 సవరణ చట్టంతో వచ్చింది. భారతదేశంలోనైతే ఆ రైఫిల్ వాడే .303 తూటా కొలత నిషిద్ధ బోరు, 1959 ఆయుధాల చట్టం దగ్గర ఇది మరీ కఠినమైన విషయం. బుల్లిట్యాంకులు గారిలా ప్లాస్టిక్‌లో చేసుకోవడమే హాయి. ఫెర్రెట్ విద్యుత్ గొట్టాల్లో రైఫిల్ భాగం లేదు. అయినా రాడ్‌ఫర్డ్ గారు ఏది కొనే ముందైనా స్థానిక పోలీసుల ఆయుధ లైసెన్సు విభాగానికి ఫొటోలతో రాసి, వారి జవాబును బండి కాగితాల్లో భద్రపరచుకోవడం మంచిది. దుకాణదారు నోటిమాటకు చట్టంలో విలువ లేదు.

రాడ్‌ఫర్డ్_ఫెర్రెట్

వారాంతంలో జరిగిన పని చెబుతాను. కుడి వైపు పూడ్చిన రంధ్రాల చుట్టూ తడి గరుకు కాగితంతో, చాలా సన్నటి రకంతో, అరచేతి మేర నెమ్మదిగా రుద్దాను. పైన ఎవరో వేసిన బ్రష్షు పచ్చ. దాని కింద ఇసుక రంగు. దాని కింద మెరుపున్న ముదురు ఆకుపచ్చ, బీఎస్ 381సీ అనే బ్రిటిష్ ప్రమాణ రంగుల పట్టికలోని 224వ నంబరు డీప్ బ్రాంజ్ గ్రీన్‌తో పక్కపక్కన పెడితే తేడా తెలియనంత దగ్గరగా ఉంది. అన్నిటికంటే నన్ను కదిలించినది ఇంకొకటి. ఆ ఇసుక రంగు బ్రాకెట్టు ఆకారం అంచు దగ్గర ఆగిపోయింది. అంటే బండికి ఇసుక రంగు వేసిన నాటికి బ్రాకెట్టు అక్కడే ఉంది, దాని చుట్టూ వేశారు. బ్రాకెట్టు కూర్చున్న మేర డీప్ బ్రాంజ్ గ్రీన్ కొత్తదానిలా మెరుస్తోంది. ఎడమ బ్రాకెట్టును అట్టముక్క మీద గీసి, తిరగేసి అక్కడ పెడితే అంచులు సరిగ్గా కలిశాయి.

ఇక నాకు సందేహం లేదు. ఈ బండికి చెరో వైపు మూడు గొట్టాలే. నాలుగు గొట్టాల గుత్తి అక్కర్లేదని ఆ వ్యాపారికి చెప్పేశాను. మ్యూజియానికి ఉత్తరం రాశాను, పోలీసు విభాగానికి కూడా. ఎడమ గొట్టాన్ని అసలుదిగానే ఉంచి, మిగిలిన ఐదింటినీ దాని కొలతలతో చేయించాలని అనుకుంటున్నాను. అది తగిన పనేనా? పైగా తుప్పు తిన్న అడుగు భాగాన్ని కోసి కొత్త ముక్క అతికించాలా, అలాగే ఉంచాలా?

పాత_పత్రాలు

ఆ రంగు అంచును దయచేసి చెరపకండి. మళ్లీ రంగు వేసే ముందు కొలబద్ద పక్కన పెట్టి, వెలుతురులో దగ్గరి ఫొటోలు తీయండి. వీలైతే బ్రాకెట్టు కింద దాగిపోయే భాగంలో ఆ పొరలను రంగు వేయకుండా, పైన మైనం పూసి వదిలేయండి. మీ తర్వాత ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా, బ్రాకెట్టు విప్పితే ఆధారం అక్కడే ఉంటుంది. నా దృష్టిలో ఈ బండిలో అన్నిటికంటే విలువైన భాగం ప్రస్తుతం ఆ అరచేతి మేర చోటే.

ఇసుక రంగు కనబడింది కాబట్టి బండి మధ్యప్రాచ్యంలోనో, మరో ఎడారి ప్రాంతంలోనో ఉండి ఉండవచ్చు. మ్యూజియం నుంచి రికార్డు కార్డు వచ్చే దాకా ఏ రెజిమెంటు గుర్తులూ వేయకండి.

ఆకురాయి

ఐదు గొట్టాలు కొత్తగా చేయించడం తగిన పనే. అయితే అవి అసలైనవిగా చలామణి కాకుండా చూడాలి. అడుగున స్పర్శ బిందువు చోట మామూలు దారి ఇవ్వకుండా గట్టి ఇనుప బిళ్ల వెల్డింగు చేయించండి. తీగ కొస బయట నుంచి చూడటానికి మాత్రమే కలిసినట్టు ఉంటుంది. ప్రతి గొట్టం అడుగున, బ్రాకెట్టులో దాగే చోట, 'నకలు' అన్న మాట, తయారైన సంవత్సరం పంచ్‌తో కొట్టించండి. పైకి కనబడదు, విప్పినవాడికి తెలుస్తుంది.

అసలు గొట్టాన్ని కోయవద్దు. తుప్పు తిన్నచోట పొడి చేసి, ప్రైమరు పట్టించి, లోపల మైనం పూసి, నీళ్లు పోయే రంధ్రం తెరిచి ఉంచండి. దాని మీద ఇక ఏ బరువూ, ఏ ఒత్తిడీ పడబోదు కాబట్టి బలం అవసరం లేదు. బ్రాకెట్టు అల్యూమినియం అని తేలితే, ఉక్కు బోల్టు తగిలే ప్రతి చోటా పల్చటి ఇన్సులేటింగ్ వాషరు లేదా జింక్ క్రోమేటుకు బదులుగా ఇప్పుడు దొరికే పేస్టు పెట్టండి. లేకపోతే రెండు లోహాల మధ్య తడి చేరి, అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఎడమ బ్రాకెట్టు మీద బోల్టు తలల చుట్టూ తెల్లటి పొక్కులు ఉంటే ఆ పని ఇప్పటికే మొదలైనట్టు.

కొలతలు పంపేటప్పుడు గొట్టం బయటి వ్యాసాన్ని ఒక్కచోట కాక మూతి దగ్గర, నడుమ, అడుగున మూడు చోట్లా, ప్రతి చోటా ఒకదానికొకటి అడ్డంగా రెండుసార్లు కొలవండి. నలిగిన గొట్టాన్ని గుండ్రమనుకుని చేస్తే రబ్బరు మూతలు పట్టవు.

తీగలు_స్విచ్చులు

ఆకురాయి గారి ఇనుప బిళ్ల సలహాను నేను పూర్తిగా సమర్థిస్తున్నాను. బల్బు పరీక్ష కావాలంటే అసలైన ఆ ఒక్క ఎడమ గొట్టంలో చేసుకోవచ్చు, అది చాలు.

రాడ్‌ఫర్డ్_ఫెర్రెట్

బోల్టు తలల చుట్టూ తెల్లటి పొక్కులు ఉన్నాయి. అయస్కాంతం బ్రాకెట్టుకు అంటడం లేదు, గొట్టానికి అంటుతోంది. కాబట్టి రెండింటినీ విడదీసి, గొట్టాన్ని మాత్రమే చాకలిసోడా తొట్టిలో వేస్తాను. మర చుట్ల గేజీ తెప్పించాను. మొదటి బోల్టు 3/8, అంగుళానికి 24 చుట్లు వచ్చాయి. కొలతలు, కుడి వైపు రంగు అంచు ఫొటోలు రేపు ఇక్కడే పెడతాను. మూతల కోసం రబ్బరు ఎంత గట్టిదనం ఉన్నది వాడాలో ఆకురాయి గారు చెబితే అచ్చు పని కూడా వెంటనే మొదలుపెట్టవచ్చు.